పెడచెవి

పెట్టె మూత మీద మంట, పొగ, అరుస్తున్న నోళ్లు.
లోపల మాత్రం బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు నాలుగు,
దువ్వెన పళ్లకు చిక్కిన వెంట్రుకల్లా
చక్రాలు, బోల్టులు, మోకాళ్లు.
ఎవరి తల ఏ మొండేనిదో
అంకెలు చెబుతాయి.

కోత్కాలో నవంబరు. మూడున్నరకే చీకటి.
రేవులో క్రేన్ల దీపాలు పొగమంచులో నానుతున్నాయి.
పగలంతా క్లినిక్కులో
ముసలి చెవులకు యంత్రాలు అమర్చి వచ్చాను.
"ఇప్పుడు వినిపిస్తోందా? ఇప్పుడు?"
రాత్రికి వంటగది బల్ల మీద
ముప్పై అయిదో వంతు ఫిరంగి.

గొట్టం రెండు బద్దలుగా వస్తుంది,
చీల్చిన చిక్కుడుకాయలా.
బంక పూసి అదిమి పట్టుకుంటే
అతుకు వెంట సన్నటి గీత లేస్తుంది.
ఎండనిచ్చి, గరుకు కాగితం తడిపి
రుద్దాలి, మళ్లీ తడిపి రుద్దాలి,
వేలికొసకు అతుకు తెలియనంతవరకు.
కంటికి తెలియకపోతే చాలదు.
కన్ను మొగమాటపడుతుంది, వేలు పడదు.

దుకాణం రైమో అన్నాడు:
"కొత్తగా చెయ్యడం అందరికీ వస్తుంది, ఇంకెరీ,
పాతబడేలా చెయ్యి."
అందుకని ఆకుపచ్చ వేసి ఆరబెట్టి
స్పాంజి ముక్కతో తుప్పు అద్దాను.
చేతులు తగిలే చోటల్లా రంగు గీకాను.
చక్రాల సందుల్లో బురద కూరాను:
కాఫీ పిప్పి, కాస్త బంక,
వేసవిలో మెట్ల కింద తీసి దాచిన చారెడు మట్టి.
ఒక్కసారైనా పేలని దాని మూతికి
మసి పుయ్యడానికి మూడు సాయంత్రాలు.

ఇక మనుషులు. అయిదుగురు.
ఒకడు గుండు మోస్తాడు, ఒకడు దూరం చూస్తాడు.
ఇద్దరు చెవులు మూసుకుని వంగి ఉంటారు.
అయిదోవాడు తాడు లాగేవాడు.
వాడి చేతులు విడిగా వస్తాయి,
సి పదహారు, సి పదిహేడు.
పదిహేడు పట్టకారు కొస నుంచి
చిటుక్కున ఎగిరిపోయింది.

తివాచీ మీద మోకాళ్లు, నోట్లో టార్చిలైటు,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు
ఊలు పోగు పోగూ వెదికాను.
ఒక గుండీ, ఒక పిల్లి మీసం,
కందిగింజంత వినికిడి యంత్రం బ్యాటరీ.
చెయ్యి దొరకలేదు.

మిగులు ముక్కల డబ్బా కుమ్మరిస్తే
వేరే ఎవరివో రెండు చేతులు,
దొప్పల్లా వంచిన అరచేతులు.
నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు కదా,
వాడి రెండు చెవులకూ రెండూ అతికించాను.
హమ్మయ్య అనుకున్నాను.

తాడు వేలాడుతోంది.
లాగేవాడు లేడు.

బంక ఆరకముందే
కుడిచెయ్యి ఊడబెరికి
సి పదహారు పెట్టి తాడు అందించాను.
ఎడమ చెవి మీద చెయ్యి.
కుడి చెవి బార్లా తెరిచి
ఫిరంగి పక్కనే.

కుడి చెవి.

అక్సెలి తాత ఎక్కడ కూర్చున్నా
కుడివైపు గోడ ఉండేలా చూసుకునేవాడు.
బస్సులో, చర్చిలో, అన్నం బల్ల దగ్గర.
సైమీ అవ్వ సరిగ్గా ఆ గోడవైపే నిలబడి
అప్పులు, బంగాళాదుంపలు, కారుతున్న కప్పు
అన్నీ చెప్పి, చెప్పి,
"నా మాటలన్నీ పెడచెవినే పెడతాడు" అనేది.
మేం పిల్లలం నవ్వేవాళ్లం.
యుద్ధంలో ఏం చేశావని అడిగితే
"లాగమన్నప్పుడు లాగాను" అనేవాడు,
పడవ తాడు సంగతేమో అనుకున్నాం.

క్లినిక్కుకి ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న
ముందు ఏ చెవి పోయింది, అని.
వేలమందిని అడిగి ఉంటాను.
నేను ఈ పని నేర్చేనాటికి
ఆయన లేడు.

బంక సీసాకి మూత బిగించాను.
టక్.
ముప్పై అయిదో వంతు పేలుడు
ఇంతే ఉంటుందేమో.

అలమారలో పెట్టేటప్పుడు కాస్త తిప్పాను,
వాడి ఎడమ పక్క గదివైపు ఉండేలా.
మూసుకున్న చెవే
తర్వాత వినడానికి మిగిలిన చెవి.
ఏదైనా చెప్పాల్సివస్తే
ఇటునుంచి చెప్పొచ్చు.

సి పదిహేడు పొద్దున దొరికింది,
నా మేజోడు అడుగున అంటుకుని.
రాత్రంతా
ఆ చెయ్యి మీదే నడిచాను.